డి.ఎన్.ఎ.లో పనికిరాని భాగమున్నదా?

గజపతినగరం ప్రాంతపు కళ్ళాలు చూచినవారికి తాలుకూ ఊకకూ భేదం చెప్పనక్కరలేదు. రెండూ మన విస్తరిలోకి రానివే. కాని తాలు వలన ఎవరికీ ప్రయోజనం లేదు. ఊక గింజను కాపాడిన కవచం.

మన శరీరంలోని డి.ఎన్.ఎ.ను గురించి శాస్త్రజ్ఞుల మధ్య సాగుతున్న వాదం ఇటువంటిదే. తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతిగా మనకు సంక్రమించే ఈ వారసత్వలిపిలో, ఒక్కొక్క ప్రతికి సుమారు 300 కోట్ల అక్షరాలున్నవి. మాంసకృత్తుల నిర్మాణానికి నేరుగా ఆదేశమిచ్చే భాగం అందులో నూటికి రెండు వంతులైనా లేదు. తక్కినది ఎందుకు? 1972లో సుసుము ఓనో అనే శాస్త్రజ్ఞుడు అందులో అధికభాగం చెత్త అన్నారు. 2012లో ఎన్‌కోడ్ అనే అంతర్జాతీయ బృందం నూటికి 80 వంతులకు ఏదో ఒక జీవరసాయన వ్యాపారం ఉన్నదని ప్రకటించింది. ఉల్లిపాయకు మనకంటె సుమారు 5 రెట్లు డి.ఎన్.ఎ. ఉన్నదే, అదంతా దానికి అవసరమేనా అని విమర్శకులు అడిగారు.

ఈ వాదానికి హైదరాబాదులోనే ఒక నిదర్శనమున్నది. కట్లపాము జాతికి చెందిన ఒక పాము డి.ఎన్.ఎ.లో జి, ఎ, టి, ఎ అనే నాలుగక్షరాలు మరల మరల వచ్చే భాగాన్ని లాల్జీ సింగ్ ఎడింబరోలో ఉండగా పరిశోధించారు. తరువాత హైదరాబాదు సి.సి.ఎం.బి.కి వచ్చి, దాని సాయంతోనే మనుష్యులను గుర్తించే డి.ఎన్.ఎ. ముద్రల పద్ధతిని రూపొందించారు. బిడ్డకు తండ్రి ఎవరన్న వివాదాలలో అటువంటి ముద్రలు న్యాయస్థానాలకు సాక్ష్యమైనవి.

ఇంత ఉపయోగమున్నది చెత్త ఎట్లా అవుతుందని మీరడగవచ్చు. ఇక్కడే జాగ్రత్త కావాలి. ఆ వరుసలు మనిషికీ మనిషికీ మారుతున్నవి కనుకనే గుర్తుకు పనికివచ్చినవి. అంతగా మారినా ప్రాణానికి లోటు రాలేదంటే, శరీరానికి వాటితో పెద్ద పని లేదేమోనని అనుమానించవలసి వస్తుంది. న్యాయస్థానానికి ఉపయోగం వేరు, శరీరానికి ఉపయోగం వేరు.

అయినా సంగతి అక్కడితో ముగియలేదు. 2013లో అదే సంస్థకు చెందిన రాకేశ్ మిశ్రా, లాల్జీ సింగ్ ప్రభృతులు ఒక విశేషం ప్రకటించారు. ఒక జన్యువుకు అందవలసిన ప్రేరణ పొరుగు జన్యువుకు పారకుండా ఆ నాలుగక్షరాల వరుసలు పొలం గట్టువలె అడ్డగించగలవని ఈగలలోను, మానవకణాలలోను వారు చూపారు. అంతమాత్రాన అటువంటి ప్రతి వరుసా గట్టే అని చెప్పరాదు.

ఈ వాదం పండితులకే పరిమితం కాదు. మన ఉత్తరాంధ్ర గిరిజన గ్రామాలలోనూ కనిపించే సికిల్ సెల్ వ్యాధికి 2023లో బ్రిటన్, అమెరికా దేశాలు ఒక కొత్త చికిత్సను ఆమోదించినవి. మాంసకృత్తుల ఆదేశం లేని భాగంలోని ఒక మీటను అది తెగగొడుతుంది. దానితో గర్భస్థశిశువులో ఉండే రక్తవర్ణకం రోగి శరీరంలో మరల తయారవుతుంది. దాని వెల నేటికీ సామాన్యులకు అందనిది. కాని ఆ భాగాన్ని చెత్త అని విడిచిపెట్టి ఉంటే ఈ మార్గమే కనిపించేది కాదు.

పరిణామక్రమంలో మార్పు చెందకుండా నిలిచిన భాగం నూటికి సుమారు 8 వంతులని 2014లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. అది రెండు కంటె చాల ఎక్కువ, 80 కంటె చాల తక్కువ. కనుక తెలియనిదంతా తాలు అనటమూ తొందరే, అంతా గింజే అనటమూ తొందరే. ఏ భాగానికి ఆ భాగాన్ని చేటలో వేసి చెరిగి చూడవలసిందే.