తల్లి పనికి పోయిన వేళ

కూలిపనికి పోవు తల్లికి రెండేండ్ల బిడ్డ యున్నచో ఆమె యేమి చేయవలెను? వెంట తీసికొనిపోయినచో బిడ్డ ఎండకు, దుమ్మునకు వాడిపోవును. ఇంట విడిచినచో చూచువారు కావలెను. పెక్కు పేద కుటుంబములలో ఆ భారము అక్కపై పడును. తోడి బాలికలు పుస్తకములు పట్టుకొని బడికి పోవుచుండగా, ఆమె తమ్ముని చంకనెత్తుకొని గుమ్మమున నిలిచియుండును. కావున శిశుసంరక్షణ ఒక్క బిడ్డకు సంబంధించిన విషయము కాదు. తల్లి కూలి, అక్క చదువు, బిడ్డ ఆరోగ్యము - ఈ మూడును దానితో ముడిపడి యున్నవి.

కలిగినవారు ఆయాను నియమించుకొందురు. పేదలకు అది సాధ్యము కాదు. కావుననే ప్రభుత్వము పూనుకొనవలసి వచ్చినది. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన భారత ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమును 33 బ్లాకులలో ప్రారంభించెను. ఈ సేవలు ప్రజలకు అందు చోటు అంగన్‌వాడి కేంద్రము. అంగణమనగా ముంగిలి. ఇంటి ముంగిటివలె పిల్లలకు చేరువలో నుండవలెనని ఆ పేరు పెట్టిరి. ఆరేండ్లలోపు పిల్లలకును, గర్భిణులకును, బాలింతలకును అచ్చట పోషకాహారము లభించును. ఆటపాటలతో కూడిన బడి ముందటి చదువు, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆరోగ్య బోధ, అవసరమైనచో వైద్యశాలకు పంపుట అనునవి తక్కిన సేవలు.

ఇందులకు ధనమెక్కడిది? ప్రజలు చెల్లించు పన్నులనుండి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు ఈ వ్యయమును పంచుకొనును. 2017లో ఆహారమునకై ఒక్కొక్క బిడ్డకు దినమునకు 8 రూపాయలు, మిక్కిలి కృశించిన బిడ్డకు 12 రూపాయలు, గర్భిణికి 9 రూపాయల 50 పైసలు చొప్పున కేంద్ర ప్రభుత్వము నిర్ణయించెను. ఇంటికిచ్చిన సరుకును ఇంటిల్లిపాదియు పంచుకొందురు. తల్లికి దక్కునది కొంచెమే. దీనిని గమనించియే తెలంగాణ ప్రభుత్వము 2015లో ఆరోగ్యలక్ష్మి పథకమును ఆరంభించి, గర్భిణులకు, బాలింతలకు కేంద్రముననే భోజనము, పాలు, గ్రుడ్డు ఇచ్చు ఏర్పాటు చేసెను.

ఈ సహాయము దయాధర్మము కాదు. ప్రతి జనావాసమునకు ఒక కేంద్రముండవలెనని 2001 నవంబరు 28వ తేదీన సుప్రీంకోర్టు ఆదేశించెను. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ఆరేండ్లలోపు పిల్లల ఆహారమును హక్కుగా చేసెను. అడిగి పుచ్చుకొను భిక్షకును, చట్టమిచ్చిన హక్కునకును గల భేదమిదియే: భిక్ష దాత మనసును బట్టి యుండును, హక్కు అందనినాడు ఎంతటి పేదవాడైనను నిలదీసి యడుగవచ్చును.

అయినను ఒక కొరత మిగిలియున్నది. అంగన్‌వాడి కొన్ని గంటలు మాత్రమే నడచును. తల్లి ప్రొద్దు క్రుంకువేళకు గాని ఇల్లు చేరదు. నడిమి గంటలలో బిడ్డను మరల అక్కయే చూడవలసి వచ్చును. అందుచేతనే శిశుపాలన గృహములు కావలసి వచ్చినవి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము పనిచోటికి ఆరేండ్లలోపు పిల్లలు అయిదుగురో అంతకు మించియో వచ్చినచో, వారిని చూచుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి ఈయవలెనని విధించెను. బిడ్డను చూచుటయు పనియేనని ఆ చట్టము ఒప్పుకొన్నది. 2022లో ఆరంభమైన ‘పాల్నా’ పథకము అంగన్‌వాడికి శిశుపాలన గృహమును జతపరచి, ఆరు నెలలు మొదలు ఆరేండ్ల వరకు గల పిల్లలను తల్లి పనివేళలలో కాపాడుటకు ఉద్దేశింపబడినది. పాల్నా యనగా ఊయల.

పథకమునకు నిధులు చాలినంత యుండవలెను. అవి సకాలమున చేరవలెను. కేంద్రపు తలుపు తల్లి తిరిగి వచ్చువరకు తెరచియుండవలెను. ఈ మూడును సమకూడిననాడు గుమ్మమున నిలిచిన అక్క తమ్ముని కేంద్రమున దింపి, పుస్తకములు పట్టుకొని తోడివారితో బడికి నడచును.