కాళ్లకు కట్టుబడని ఊపిరి

తొండను గమనించండి. ఒక్క ఉరుకు ఉరుకుతుంది, ఠక్కున ఆగుతుంది, మళ్లీ ఉరుకుతుంది. బల్లి జాతి జీవుల్లో చాలావాటికి పరుగూ ఊపిరీ ఒకేసారి సాగవు. ఒంటిని అటూ ఇటూ వంచి పరుగెత్తించే కండరాలే పక్కటెముకలను కదిపి ఊపిరీ ఆడించాలి మరి! డేవిడ్ క్యారియర్ అనే జీవశాస్త్రవేత్త 1980లలో ఈ చిక్కును వివరించాడు. ఉడుముది మాత్రం వేరే దారి. ఆఫ్రికాలోని ఒక రకం ఉడుము నడుస్తూనే గొంతు కండరాలతో గాలిని ఊపిరితిత్తుల్లోకి నెట్టుకుంటుంది.

గుర్రానికీ కుక్కకూ ఆ చిక్కు లేదు గానీ మరో కట్టుబాటు ఉంది. దౌడులో అంగకొక ఊపిరి, అంతే. ముందుకాళ్లు నేలను తాకిన ప్రతిసారీ ఆ అదురు ఛాతీ మీదే పడుతుంది. 1983లో డెన్నిస్ బ్రాంబుల్, క్యారియర్ కలిసి ప్రచురించిన పరిశీలనలో మనిషి దారి వేరని తేలింది. రెండంగలకు ఒక ఊపిరి, మూడింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి, ఐదంగలకు రెండు... వేగాన్ని బట్టి మార్చుకుంటాం. పరుగులో ఆరితేరినవాళ్లు ఎక్కువగా రెండంగలకు ఒకటి తీసుకుంటారు. రెండు కాళ్ల మీద నిలబడి మనం పొందినవాటిలో చేతుల గురించే అందరూ చెబుతారు. ఛాతీకి దొరికిన ఈ స్వేచ్ఛ కూడా అంత గొప్పదేనని నా నమ్మకం.

కుక్క దౌడు తీస్తూ రొప్పలేదు. రొప్పడానికి గబగబా చిన్న చిన్న ఊపిర్లు కావాలి, దౌడేమో వాటిని అంగకొకటిగా కట్టేస్తుంది. అందుకే ఒంట్లో వేడి పేరుకుపోతుంది. మనకు ఆ వేడిని 20 లక్షలకు పైగా ఉన్న చెమట గ్రంథులు చూసుకుంటాయి. కలహారి ఎడారిలో శాన్ వేటగాళ్లు మిట్టమధ్యాహ్నం కుడూ జింకను గంటల తరబడి తరిమి, అది వేడికి సొమ్మసిల్లాక పట్టుకునేది ఈ బలంతోనే.



ఇక అసలు విశేషం, ఇలాంటి పరుగుకు తగిన ఛాతీ మనకు ఎప్పుడు వచ్చిందన్నది. 1984లో కెన్యాలోని తుర్కానా సరస్సు పడమటి ఒడ్డున శిలాజాల వేటగాడు కమోయా కిమెయు కంటపడిన అస్థిపంజరం సుమారు 15 లక్షల ఏళ్ల నాటి, మనకు ముందటి మానవజాతి బాలుడిది. పొడవాటి కాళ్లు, పొడగరి. కాబట్టి ఛాతీ కూడా మనలాగే సన్నగా ఉండేదని చాలాకాలం అనుకున్నారు. 2020లో మార్కస్ బాస్టిర్ బృందం విడి ఎముకలను కంప్యూటర్‌లో కూర్చి చూస్తే ఆ పక్కటెముకల గూడు మనకంటే పొట్టిగా, వెడల్పుగా, లోతుగా తేలింది. కాళ్లు ముందే సిద్ధమయ్యాయి, పల్చని ఛాతీ చాలా ఆలస్యంగా, బహుశా మన జాతిలోనే వచ్చింది. ఎక్కువ దూరాలు పరుగెత్తేటప్పటి ఊపిరికి ఆ పల్చని ఛాతీయే అనువైందని ఆ బృందం భావించింది.

ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో 1983లో దొరికిన నియాండర్తాల్ మనిషి ఛాతీ అడుగున మనకంటే వెడల్పు. అతని ఊపిరి భారం ఎక్కువగా డయాఫ్రం మీదే ఉండేదని 2018లో ఆ ఎముకలను మళ్లీ కూర్చినవారి అంచనా.