మిల్లు కింద పుట్టిన టర్బైన్

బోస్టన్ నుంచి రైల్లో ముప్పావుగంట వెళ్తే లోవెల్ వస్తుంది. అక్కడి జాతీయ చారిత్రక పార్కులో పచ్చికా పూలమొక్కలూ చూద్దామనుకుంటే నిరాశే. ఎర్ర ఇటుకల నూలు మిల్లులు, వాటి మధ్య పారే కాలువలు, లాకులు, ఇవే ఆ పార్కు. 1978లో అమెరికా ప్రభుత్వం దీన్ని ఏర్పాటుచేసింది. బూట్ మిల్లు మ్యూజియంలో పాత మరమగ్గాలను ఇప్పటికీ నడిపి చూపిస్తారు. నాడె అటూ ఇటూ కొట్టుకునే ఆ హోరుకు చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఇస్తారు. అందరూ మగ్గాలకే ఫొటోలు తీసుకుంటారు. నన్నడిగితే, ఈ ఊరు ప్రపంచానికిచ్చిన అసలు యంత్రం మగ్గం కాదు, దాని కింద నీళ్లలో తిరిగింది.

మగ్గం కథ చాలామందికి తెలిసిందే. ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ 1810-12 మధ్య బ్రిటన్‌లో మిల్లులు చూసి, ఆ యంత్రాలను మనసులో పెట్టుకొచ్చాడు. మెకానిక్ పాల్ మూడీ సాయంతో 1814లో వాల్తమ్‌లో మరమగ్గం నడిపించాడు. 1817లో ఆయన పోయాక, భాగస్వాములు పెద్ద నీటిశక్తి కోసం మెర్రిమాక్ నది ఒడ్డున ఊరు కట్టి ఆయన పేరే పెట్టారు. దూది దక్షిణాది బానిసల చెమట. మగ్గాల దగ్గర పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. కూలి తగ్గించారని 1834లోనూ, వసతిగృహాల ఖర్చు పెంచారని 1836లోనూ వాళ్లు పని మానేసి వీధుల్లోకి వచ్చారు.

నదికి ఇక్కడ సుమారు 32 అడుగుల వాలు ఉంది. ఊరంతటికీ అదే ఇంధనం. లాక్స్ అండ్ కెనాల్స్ అనే కంపెనీ ఆ నీటిని మిల్లులకు అమ్మేది. అమ్మకానికి కొలత కావాలి కదా! 3,584 కదుళ్ల మిల్లుకు సరిపడే నీరు ఒక ‘మిల్ పవర్’. అంటే 30 అడుగుల ఎత్తు నుంచి పడే 25 క్యూసెక్కులు. మిల్లులు పెరిగేకొద్దీ నది చాలకుండా పోయింది. పెద్ద పెద్ద కొయ్య చక్రాలు నీటి శక్తిలో కొంత భాగం వృథా చేసేవి. పైగా నదికి వరదొస్తే దిగువ నీరు ఎగదన్ని చక్రాన్ని పట్టేసేది.

1844లో యురయా బోయ్‌డెన్ ఇక్కడి యాపిల్టన్ మిల్లుకు 75 హార్స్‌పవర్ టర్బైన్ చేసిచ్చాడు. ఫ్రాన్స్‌లో ఫోర్నెరోన్ చేసిన దానికి ఇది మెరుగైన రూపం. 1846లో మరికొన్నిటికి వింత ఒప్పందం కుదిరింది. సామర్థ్యం 78 శాతం వస్తే 1,200 డాలర్లు, ఆపైన ప్రతి శాతానికి 400. పరీక్షలో 88 శాతం తేలింది. బోయ్‌డెన్ 5,200 డాలర్లు పట్టుకెళ్లాడు. ఇంతకన్నా నిజాయితీ గల ఇంజినీరింగ్ కాంట్రాక్టు నాకు తెలియదు.

నీటి కంపెనీ ఇంజినీరు జేమ్స్ ఫ్రాన్సిస్ ఇదంతా దగ్గరుండి చూస్తున్నాడు. 1815లో ఇంగ్లండ్‌లో పుట్టి, పద్దెనిమిదో ఏట అమెరికా చేరి, ఇరవైరెండేళ్లకే చీఫ్ ఇంజినీరైనవాడు. బోయ్‌డెన్ టర్బైన్‌లో నీరు మధ్యలోంచి వెలుపలికి పోతుంది. దాంతో ఓ చిక్కు ఉంది. మగ్గాలు కొన్ని ఆగి భారం తగ్గితే చక్రం వేగం పెరుగుతుంది, ఆ వేగం నీటిని ఇంకా బయటికి లాగుతుంది, వేగం మరింత పెరుగుతుంది. మగ్గానికి కావలసింది నిలకడ, లేకపోతే పోగులు తెగుతాయి. ఫ్రాన్సిస్ దిశ మార్చాడు. నీరు అంచు నుంచి, మలుపు తిప్పే రెక్కల గుండా లోపలికి వచ్చి, చక్రాన్ని తిప్పి, కిందికి జారిపోతుంది. ఇప్పుడు వేగం పెరిగితే అదే నీటికి అడ్డు పడుతుంది. లోపలికి పారే చక్రానికి శామ్యూల్ హౌడ్ 1838లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఆ హక్కు కొని, రెక్కల వంపులను లెక్కగట్టి సరిదిద్దడమే ఫ్రాన్సిస్ ఘనత. 1849 ప్రాంతంలో ఆయన టర్బైన్లు తయారయ్యాయి.

ఆయనకు ఊహ కన్నా కొలత మీద గురి ఎక్కువ. ఇరుసుకు బ్రేకు బిగించి బలం తూచాడు. అడ్డుగోడ మీద పొర్లే నీటి లోతును బట్టి ప్రవాహం లెక్కగట్టాడు. ఆ ప్రయోగాలన్నీ 1855లో పుస్తకంగా వచ్చాయి. మన కాలేజీల్లో హైడ్రాలిక్స్ విద్యార్థులు పరీక్షకు బట్టీ పట్టే ఫ్రాన్సిస్ సూత్రం ఆ కాలువల గట్టున పుట్టిందే.

1850లో వరదను ఆపడానికని కాలువ మీద ఆయన భారీ కొయ్య తలుపు వేలాడదీయించినప్పుడు జనం దానికి ‘ఫ్రాన్సిస్ పిచ్చి’ అని పేరుపెట్టి నవ్వారు. రెండేళ్లకే పెద్ద వరద వచ్చింది. ఇనుప కట్టు తెగ్గొట్టి తలుపు దించారు, ఊరు దక్కింది. 1936 వరదలోనూ అదే తలుపు అక్కరకొచ్చింది. పార్కుకు వెళ్తే దాన్నీ చూసి రండి. సఫోక్ మిల్లులో టర్బైన్ ప్రదర్శన ఉంది, ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కోండి.

ఇరవయ్యో శతాబ్దంలో లోవెల్ మిల్లులు మూతబడ్డాయి. టర్బైన్ మాత్రం మగ్గాన్ని వదిలి జనరేటర్‌ను పట్టుకుంది. దాని ఆకారాన్ని తర్వాతివాళ్లు చాలా మార్చారు, పేరు మార్చలేదు. శ్రీశైలం కుడిగట్టు విద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల ఫ్రాన్సిస్ టర్బైన్ యూనిట్లు ఏడున్నాయి. ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరు. ఇవి అవసరమైతే వెనక్కి తిరిగి దిగువ నీటిని జలాశయంలోకి తోడగల రకం.