తోలు ఎగుమతులు: మురికి ఎవరి వాటా?

దేశం సంపన్నమయ్యే కొద్దీ కాలుష్యం మొదట పెరిగి, తర్వాత తగ్గుతుందని అర్థశాస్త్రవేత్తలు ఒక వంపు గీత చూపిస్తారు. 1991లో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఇద్దరు ఉత్తర అమెరికా వర్తక ఒప్పందం మీద రాసిన పత్రంతో ఈ వాదనకు బలమొచ్చింది. అయితే తగ్గిన మురికి మాయమైందా, ఊరు మారిందా? అది గీతలో కనపడదు. తోలు సంగతి చూడండి.

యూరప్‌లో చట్టాలు బిగిసి, కూలి రేట్లు పెరిగాక తోళ్ళు పదునుపెట్టే పని చాలావరకు పేద దేశాలకు జరిగింది. మన ప్రభుత్వం కూడా 1970లలో పచ్చితోళ్ళ ఎగుమతి ఆపి, పూర్తిగా తయారైన తోలు ఎగుమతిని ప్రోత్సహించింది. డాలర్లు ఎక్కువొస్తాయని. తమిళనాడులో పాలారు ఒడ్డునున్న వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట టానరీలు ఈ ఊపులోనే పెరిగాయి.

మాదిగ వాడల్లో లందలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోలు పదునుపెట్టాలంటే వారాలు పట్టేది. క్రోమియంతో ఒక రోజు చాలు. కానీ వేసిన క్రోమియమంతా తోలు పీల్చుకోదు, మిగిలింది నీళ్ళలో పోతుంది. మామూలు ఉప్పు ఇంకా మొండిది. పచ్చితోలు కుళ్ళకుండా దట్టించిన ఉప్పంతా కడుగునీళ్ళతో కాలవలోకి వస్తుంది. శుద్ధి కేంద్రంలో క్రోమియాన్ని చాలావరకు అడుగుకి దించొచ్చు గానీ, కరిగిన ఉప్పు దిగదు. దాన్ని తీసే యంత్రాలు ఖరీదు. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వెల్లూరు తీర్పులో చెప్పిన లెక్క ప్రకారం దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో పనికిరాకుండా పోయింది. పాడుచేసినవాడే ఖర్చు భరించాలని ఆ తీర్పు. 2025 జనవరిలో అదే పాలారు గురించి అదే కోర్టు మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

మరి వర్తకం ఏమీ శుభ్రం చేయదా? చేస్తుంది. తోలుకి బూజు పట్టకుండా వాడే పెంటాక్లోరోఫినాల్‌ని 1989లో జర్మనీ నిషేధిస్తే, ఎగుమతి కోసం ఇక్కడి టానరీలు దాన్ని మానుకోక తప్పలేదు. అది తొడుక్కునేవాళ్ళ ఒంటికి తగిలేది కాబట్టి. పాలారు ఉప్పు వాళ్ళ కాలికి తగలదు.

ఇక కులం. ఎగుమతి లాభం వచ్చాక టానరీకి యజమాని కావడం ఎవరికీ అంటు కాలేదు. పచ్చితోలు, సున్నం గుంటలు, బురద మాత్రం ఎక్కువగా దళితుల చేతుల్లోనే, ఇప్పుడు వలస కూలీల చేతుల్లో కూడా. 2015 జనవరి 31న రాణిపేటలో టానరీ బురద తొట్టి గోడ కూలి, నిద్రలో ఉన్న పదిమంది కార్మికులు చచ్చిపోయారు. ఎక్కువమంది బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళే.

చెడిన భూమికి పరిహారమంటే ముందు పట్టా చూస్తారు. ఆ పొలంలో నాట్లకీ కోతలకీ పోయే దళిత ఆడవాళ్ళకు పట్టా ఎక్కడిది? వాళ్ళకి పోయిన పనిదినాలు ఎవరూ లెక్క కట్టలేదు. ఊరూరా తిరిగి అడిగితే గాని తెలియవు.