నాడీకండర సంధి నిర్మాణం: అణుస్థాయి సంకేతాలు

1. ఉపోద్ఘాతం:

తెలుగు వ్యాకరణంలో సంధి జరగాలంటే పూర్వస్వరం, పరస్వరం రెండూ ఉండాలి. చివరకు ఆ రెండింటి స్థానంలో ఒకటే నిలుస్తుంది. శరీరశాస్త్రం చెప్పే నాడీకండర సంధికీ రెండు పక్షాలున్నాయి. అయితే ఇక్కడ నాడీకణం, కండరకణం ఒకటిగా కలిసిపోవు. వాటి నడుమ సుమారు 50 నానోమీటర్ల ఎడం మిగిలే ఉంటుంది. నాడి కొన విడుదల చేసే ఎసిటైల్‌కోలిన్ ఆ ఎడాన్ని దాటి, కండరకణం పొరపై ఉన్న గ్రాహకాలను చేరినప్పుడే కండరం సంకోచిస్తుంది. ఈ గ్రాహకాలు సరిగ్గా నాడి కొనకు ఎదురుగానే ఎలా గుమిగూడతాయి? ఆ గుంపు వైద్యరీత్యా తెలుగువారికి ఎందుకు ముఖ్యం? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. సంకేతాల వరుస:

చలననాడి కొన నుంచి ఎగ్రిన్ అనే ప్రోటీన్ వెలువడి, కండరకణం పొరపై ఉన్న ఎల్‌ఆర్‌పి4తో బంధం ఏర్పరచుకుంటుంది. ఆ బంధం వల్ల పక్కనే ఉన్న మస్క్ అనే ఎంజైము ఉత్తేజితమవుతుంది. కణం లోపలి డాక్7 ఆ ఉత్తేజాన్ని బలపరుస్తుంది. చివరకు రాప్సిన్ అనే ప్రోటీన్ గ్రాహకాలను ఒకచోట పట్టి నిలుపుతుంది. పరిణతి చెందిన సంధిలో చదరపు మైక్రోమీటరుకు సుమారు 10,000 గ్రాహకాలుంటాయి. మస్క్ లేని ఎలుకలలో సంధులు ఏర్పడవనీ, అవి పుట్టగానే ఊపిరి తీయలేక మరణిస్తాయనీ 1996లో వెల్లడైంది.

అలాగని నాడి ఆదేశిస్తే కండరం పాటిస్తుందని భావించడం పొరపాటు. నాడి చేరకముందే కండరం మధ్యభాగంలో గ్రాహకాలు గుమిగూడతాయని 2001 నాటి ప్రయోగాలు చూపాయి. కండరంలోని ఎల్‌ఆర్‌పి4 తిరిగి నాడి కొనకు సంకేతమిచ్చి దాని ఎదుగుదలకు తోడ్పడుతుందని 2012లో తేలింది. అంటే ఈ సంధిలో ఇరుపక్షాలూ కర్తలే.

3. తెలుగునేలపై ఒక ఉదాహరణ:

శస్త్రచికిత్సకు ముందు శ్వాసనాళంలో గొట్టం అమర్చడానికి వాడే సక్సినైల్‌కోలిన్ ఈ గ్రాహకాల మీదే పనిచేసి కండరాలను సడలిస్తుంది. రక్తంలోని బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము కొద్ది నిమిషాల్లోనే ఆ మందును విచ్ఛిన్నం చేస్తుంది. పుట్టుకతో ఈ ఎంజైము లోపించినవారిలో సడలింపు గంటల తరబడి కొనసాగుతుంది; అంతవరకూ కృత్రిమశ్వాస తప్పనిసరి.

తెలుగు ప్రాంతాల వైశ్య సమాజంలో ఈ లోపం ఇతరులలో కంటే చాలా ఎక్కువ. ఆ ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరడం ఇందుకు కారణమని 2006లో ప్రచురితమైన పరిశోధన గుర్తించింది. తరతరాలుగా సమాజం లోపలే జరిగిన వివాహాల వల్ల ఇలాంటి జన్యుమార్పు నిలిచిపోతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ మార్పు సంక్రమించినవారు కూడా సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. అందుకే మత్తుమందు ఇచ్చేవరకు లోపం బయటపడదు.

4. ముగింపు:

బంధువులలో ఎవరికైనా శస్త్రచికిత్స తరువాత ఊపిరి తిరిగి రావడం ఆలస్యమై ఉంటే, ఆ సంగతిని మత్తు వైద్యునికి ముందే చెప్పాలి. రక్తపరీక్షతో లోపాన్ని గుర్తించవచ్చు. ప్రత్యామ్నాయ మందులూ ఉన్నాయి. ప్రాణం నిలిపే ఇంత చిన్న సమాచారం ఇంటింటికీ చేరాలంటే ఈ శాస్త్రాన్ని తెలుగులో వివరించడం అవసరం.