కొటేషను కాగితం చదువుదాం



పరీక్షలు అయిపోయి ఫలితాలు వచ్చే రోజుల్లో చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది. "నాన్నా, గేమింగ్ కంప్యూటరు కొనిపెట్టవా?" అని. అబ్బాయో అమ్మాయో దుకాణం నుంచి ఒక కొటేషను కాగితం తెచ్చి తండ్రి చేతిలో పెడతారు. దాని మీద ఏడెనిమిది వరుసలుంటాయి. ప్రతి వరుసలోనూ అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఒక పేరు, అన్నిటికీ కింద ఒక మొత్తం. డబ్బు ఇచ్చే మనిషికి ఆ మొత్తం ఒక్కటే అర్థమవుతుంది. బళ్ళారిలో ఆ కాగితాన్ని కన్నడంలోనూ, హోసూరులో తమిళంలోనూ, బరంపురంలో ఒడియాలోనూ, షోలాపూరులో మరాఠీలోనూ వివరించేవారు ఉంటారు. ఈ పూట మనం దాన్ని తెలుగులో, వరుస వెంట వరుసగా చదువుదాం.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. హోసూరులో మా అక్కగారి అబ్బాయి ప్లస్ టూ పాసయ్యాడు. బావగారు చీటీ పాడి 60 వేల రూపాయలు వాడి చేతిలో పెట్టారు. దుకాణంవారు కాగితం మీద ఇలా రాసిచ్చారు: "ఐ7 ప్రాసెసరు, 16 జి.బి. ర్యామ్, 4 జి.బి. గ్రాఫిక్స్ కార్డు, 500 వాట్ల పవర్ సప్లై, అద్దాల క్యాబినెట్టు, మానిటరు." రంగురంగుల దీపాలతో కంప్యూటరు ఇంటికొచ్చింది. కొత్త ఆటలు నత్తనడక నడిచాయి. మూడు నెలలు తిరక్కుండా ఒక సాయంత్రం కరెంటు తగ్గి, ఒక్కసారిగా ఎగదన్ని వచ్చింది. టప్‌మని చప్పుడు, కాలిన వాసన. పవర్ సప్లై పోతూ పోతూ మదర్‌బోర్డునూ గ్రాఫిక్స్ కార్డునూ వెంట తీసుకుపోయింది.

వాడు నాలుగు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చదువుకుంటున్నానని గది తలుపు వేసుకున్నాడు. అయిదో రోజు నాకు ఫోను చేసి, "మామా, నాన్నకి చెప్పొద్దు" అన్నాడు. అప్పటికి బావగారు ఆ చీటీకి ఇంకా 17 నెలలు కట్టాల్సి ఉంది.

నేను వెళ్లి ఆ పెట్టె విప్పి చూశాను. కాగితం మీద రాసిన ప్రతి మాటా నిజమే. కానీ ఒక్క మాటా పూర్తి కాదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

మొదటి వరుస ప్రాసెసరు. లెక్కలు చేసే మెదడు ఇది. "ఐ7" అనేది ఇంటిపేరు లాంటిది. అసలు పేరు దాని తర్వాత వచ్చే అంకెల్లో ఉంటుంది. ఐ7 అనే పేరు 2008 నుంచి ఉంది. మావాడికి అంటగట్టినది 2012 నాటి మూడో తరం ఐ7, ఏదో ఆఫీసులో వాడి తీసేసినది. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపైవి కావాలి. పిల్లలు ఎక్కువగా ఆడే వాలరంట్ లాంటి ఆట విండోస్ 11 మీద నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. 2012 నాటి బోర్డులో అది ఉండదు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్ అనే చిన్న ప్రాసెసరు ఆటల్లో ఆ ముసలి ఐ7ని సునాయాసంగా దాటిపోతుంది. కాబట్టి కాగితం మీద పూర్తి పేరు, చివరి అంకె దాకా, చివరి అక్షరం దాకా రాయించండి.

ఆ చివరి అక్షరం కూడా ముఖ్యమే. ఇంటెల్ పేరు చివర "ఎఫ్" ఉంటే అందులో బొమ్మ చూపించే భాగం ఉండదు, వేరే గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. ఏఎండీలో రైజెన్ 5 5600 కూడా అలాంటిదే. అదే 5600జీ అయితే బొమ్మ చూపించే భాగం లోపలే ఉంటుంది. ఈ తేడాతో మనకు పని ఉంది, మళ్లీ చెప్పుకుందాం.

రెండో వరుస మదర్‌బోర్డు. భాగాలన్నీ కూర్చునే పీట. ప్రాసెసరు కూర్చునే గుంటను సాకెట్ అంటారు. ఏఎండీ రైజెన్ 5600 రకాలకు ఏఎం4 సాకెట్ కావాలి. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్ కొత్తది, దానికి డీడీఆర్5 ర్యామ్ మాత్రమే సరిపోతుంది. ఏఎం4కి డీడీఆర్4 ర్యామ్. ఈ రెండు ర్యాములకూ గాటు వేరు వేరు చోట్ల ఉంటుంది, ఒకటి మరొకదాని చోట కూర్చోదు. ముందుముందు ప్రాసెసరు మార్చుకోవాలనుకునేవారికి ఏఎం5 మంచిది. ఉన్నదాంట్లో నాలుగేళ్లు గడిస్తే చాలుననుకునేవారు ఏఎం4 తీసుకున్నా నష్టం లేదు.

మూడో వరుస ర్యామ్. 16 జి.బి. మంచి కొలతే. అయితే 16 ఒక్కటి కాకుండా 8, 8 చొప్పున రెండు కర్రలు తీసుకోండి. ఒక కాడికి రెండెద్దులు కట్టినట్టు, రెండు దారుల్లో సమాచారం నడుస్తుంది. 2025 చివరి నెలల్లో మెమొరీ ధరలు బాగా పెరిగాయి. అందుచేత పోయిన ఏడాది ఎవరో కొన్న ధర పట్టుకుని బేరానికి దిగకండి. కొనే రోజున మూడు చోట్ల అడగండి.

నాలుగోది నిల్వ. పాత హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 150 మెగాబైట్లు చదివితే, సాటా ఎస్ఎస్‌డి 550 దాకా, ఎన్‌వీఎంఈ రకం అంతకు ఎన్నో రెట్లు చదువుతుంది. ఎస్ఎస్‌డి వల్ల ఆట త్వరగా తెరుచుకుంటుంది గాని, ఆటలో బొమ్మలు వేగంగా కదలవు. అందుకని మామూలు ఎన్‌వీఎంఈ చాలు. అన్నిటికన్నా ఖరీదైనది అక్కర్లేదు.

అయిదో వరుస గ్రాఫిక్స్ కార్డు. ఆటల కంప్యూటరుకి ఇదే ప్రాణం. ఇక్కడ పడే మోసం జి.బి. లెక్క. 2014 నాటి జీటీ 730 లోనూ 4 జి.బి. రకం ఉంది, 2019 నాటి జీటీఎక్స్ 1650 లోనూ 4 జి.బి. ఉంది. రెండిటి బలానికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం. జి.బి. అంటే గాదె సైజు మాత్రమే, పండించే చేను కాదు. చేను ఎంతో తెలియాలంటే కార్డు పూర్తి పేరు కావాలి. కొత్త ఆటలకు గాదె కూడా 8 జి.బి.కి తగ్గకుండా ఉండాలి. ఏఎండీ ఆర్ఎక్స్ 6600లో 8, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060లో 12 జి.బి. రకం, ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జి.బి. ఉన్నాయి. మధ్యతరగతివారు చూడదగిన కార్డులు ఇలాంటివి.

అయితే కార్డును ఎంచేముందు తెరను చూసుకోవాలి. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. 4కే అనే తెర మీద 82,94,400, అంటే సరిగ్గా నాలుగింతలు. కార్డు ఆ చుక్కలన్నిటికీ సెకనుకు 60 సార్లు రంగు వేయాలి. చిన్న కార్డు కొని పెద్ద తెర పెట్టడం ఒక్క ఎద్దుతో నాలుగెకరాలు దున్నించడమే. డబ్బు తక్కువున్నవారికి 1080 తెర చాలు.

వాడిన కార్డు కొనవచ్చా అని కొందరు అడుగుతారు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం పద్ధతి మారిన తర్వాత, డిజిటల్ నాణేల కోసం రాత్రింబగళ్లు తిప్పిన కార్డులు ఎన్నో పాత సామాన్ల బజారుకి వచ్చాయి. బిల్లు, మిగిలిన వారంటీ ఉంటే, అరగంట ఆట ఆడించి చూసి తీసుకోండి. ఆ రెండూ లేకపోతే ఆశపడకండి.

ఆరో వరుస పవర్ సప్లై. మావాడి కొంప ముంచింది ఇదే. పెట్టె మీద 500 వాట్లు అని పెద్ద అక్షరాలు. పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు అని ఉంది. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా తాగేది ఆ 12 వోల్టుల ధార నుంచే. 12ని 17తో గుణించండి. 204 వాట్లు. నిజమైన 500 వాట్లదానిలో అదే చోట సుమారు 40 ఆంపియర్లు ఉంటాయి, గుణిస్తే 480. ఎక్కాలు వచ్చినవారెవరైనా దుకాణంలో నిలబడి చేయగలిగిన లెక్క ఇది.

మనకు ఎంత కావాలో కూడా కూడదాం. 65 వాట్ల ప్రాసెసరు నిండు పనిలో 90 దాకా పోతుంది. ఆర్ఎక్స్ 6600 కార్డుకి 132. మిగతా అన్నిటికీ 70 అనుకోండి. సుమారు 290. దానికి 500 వాట్ల నికార్సయిన పవర్ సప్లై నిండుగా సరిపోతుంది. 80 ప్లస్ అనే ముద్ర విద్యుత్తు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది. దానితో పాటు వారంటీ ఎన్నేళ్లో చూడండి. మంచి కంపెనీలు అయిదేళ్లు ఇస్తున్నాయి. మూడు పిన్నుల ప్లగ్గుకి గోడలో ఎర్తు సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ కావాలి. సామాన్యంగా 600 వీఏ యూపీఎస్ 360 వాట్లే మోస్తుంది. మానిటరు కూడా కలిపితే అది అంచున నిలబడ్డట్టే. 1000 వీఏది నయం.

చివరిది క్యాబినెట్టు. దీపాలు చల్లదనం ఇవ్వవు. ముందువైపు మూసిన అద్దం ఉంటే గాలి ఆడదు. ముందు జల్లెడ లాంటి తలుపు, తీసి కడుక్కునే దుమ్ము వడపోత ఉన్నది తీసుకోండి. బళ్ళారి వైపు ఎర్రటి గనుల ధూళి, షోలాపూరులో మగ్గాల నూలు దుమ్ము ఉన్న ఇళ్లలో నెలకొకసారి ఆ వడపోత దులపాలి.

ఇక డబ్బు పంపకం. ఏళ్లు మారితే ధరలు మారతాయి గాని వాటాలు అంతగా మారవు. మానిటరు, కీబోర్డు, యూపీఎస్ పక్కన పెట్టి, పెట్టెకి పెట్టే రూపాయిని పాతకాలం లెక్కన పదహారణాలు చేయండి. ఆరణాలు గ్రాఫిక్స్ కార్డుకి. నాలుగణాలు ప్రాసెసరు, మదర్‌బోర్డు రెండిటికీ. నాలుగణాలు ర్యామ్, ఎస్ఎస్‌డిలకి. అణాన్నర పవర్ సప్లైకి. మిగిలిన అర్ధణా క్యాబినెట్టుకి. కొటేషనులో గ్రాఫిక్స్ కార్డు వాటా మూడణాలకు పడిపోయి, క్యాబినెట్టు వాటా రెండణాలకు ఎగబాకిందంటే, ఆ కాగితం ఆటల కోసం రాసినది కాదు, అలంకారం కోసం రాసినది.

అంత డబ్బు ఒక్కసారి లేనివారికి ఒక దారి ఉంది. ఇందాక చెప్పిన 5600జీ లాంటి ప్రాసెసరు, రెండు ర్యామ్ కర్రలు, మంచి పవర్ సప్లైతో మొదలుపెట్టండి. వాలరంట్ లాంటి తేలిక ఆటలు, చదువు, ప్రోగ్రాములు దాని మీదే నడుస్తాయి. ఏడాదికో ఏడాదిన్నరకో కార్డు కొని తగిలించుకోవచ్చు. పవర్ సప్లై మాత్రం రేపటి కార్డుని దృష్టిలో పెట్టుకుని ఈరోజే కొనాలి.

ఎక్కడ కొనాలి? హోసూరు నుంచి బెంగుళూరు ఎస్.పి. రోడ్డు 40 కిలోమీటర్లు. చెన్నైలో రిచీ స్ట్రీటు, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరున్న కంప్యూటరు బజార్లు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక ఈ సరుకు మీద పన్ను రేటు అన్ని రాష్ట్రాల్లోనూ ఒకటే. సరిహద్దు దాటినంత మాత్రాన భయం లేదు. బిల్లు వద్దంటే తగ్గిస్తామనే మాటకి మాత్రం లొంగకండి. ప్రతి భాగం పూర్తి పేరు, సీరియల్ నంబరు బిల్లు మీద ఉండాలి. చెడిపోయిన రోజున మన పక్షాన మాట్లాడేది ఆ కాగితమే. వారంటీ సేవ మీ ఊరికి దగ్గరగా ఏ పట్నంలో ఉందో కూడా కొనకముందే అడగండి.

మా అక్కగారి అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. తండ్రికి చెప్పక తప్పలేదు. బావగారు కేకలు వేయలేదు. "ఆ కాగితం నాకూ అర్థం కాలేదురా, నేనైనా అడగాల్సింది" అన్నారంతే. మానిటరు, ఎస్ఎస్‌డి బతికి ఉన్నాయి. వాడు ఏడాదిపాటు పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పి డబ్బు కూడబెట్టాడు. ఈసారి కొటేషను వాడే తెల్లకాగితం మీద తెలుగులో రాశాడు. గ్రాఫిక్స్ కార్డు వరుస ఖాళీగా వదిలి, "వచ్చే సంవత్సరం" అని రాసుకున్నాడు. దుకాణంలో బావగారు కళ్లజోడు సవరించుకుని, ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చదివారు. పవర్ సప్లై దగ్గర ఆగి, "పన్నెండు వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లండీ?" అని అడిగారు. దుకాణదారు ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి, తీసిన డబ్బా లోపల పెట్టేసి, పై అర నుంచి ఇంకొకటి దించాడు.

మీ ఇంటికి అలాంటి కాగితం వచ్చినప్పుడు ఆ ప్రశ్న మీరూ అడగండి.