ముంగిలి కాంక్రీటు: నీటి లెక్క

ఇల్లు కట్టుట ముగిసిన పిదప కూడ కొన్ని పనులు మిగిలియుండును. వీధి నుండి కారు లోనికి వచ్చుటకు దారి, పెరటిలో గచ్చు, చుట్టును ప్రహరీగోడ. ఇవి చిన్న పనులు. వీటికై ఇంజనీరును పిలుచువారు అరుదు. ఊరిలోని మేస్త్రీని పిలిచి, చదరపు అడుగుకు ఇంత అని బేరమాడి పని ఒప్పగింతురు. ఒకటి రెండు దినములలో పని ముగియును. పోసిననాడు అద్దమువలె నున్నగా కనబడిన గచ్చు ఆరు నెలలు తిరుగకముందే పొడి రాలుటయు, బీటలు వారుటయు తరచుగా జరుగును. సిమెంటు తగ్గించినాడని ఇంటివారు మేస్త్రీని నిందింతురు. సిమెంటే మంచిది కాదని మేస్త్రీ అనును. ఈ తగవులో అసలు కారణము చాల సందర్భములలో ఇరువురికిని తోచదు. అది నీరు. పోయుచున్నప్పుడు ఎక్కువగాను, పోసిన తరువాత తక్కువగాను వాడిన నీరు.

కాంక్రీటు ఆరి గట్టిపడునని చాలమంది అభిప్రాయము. ఇది పొరపాటు. పూర్వము మన ఇండ్లలో వాడిన గానుగ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా తిరిగి రాయిగా మారెడిది. సిమెంటు నడక వేరు. సున్నపురాయిని బంకమన్నుతో కలిపి సుమారు 1450 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చి, ఏర్పడిన గట్టి ఉండలను కొద్దిపాటి జిప్సముతో కలిపి మెత్తగా పొడి చేసినదే సిమెంటు. పల్నాడు, జగ్గయ్యపేట, హుజూర్‌నగర్ ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు వెలయుటకు అచ్చటి సున్నపురాయియే కారణము. ఈ పొడి నీటితో రసాయన సంయోగము చెంది, ఇసుకను కంకరను ఒకటిగా పట్టియుంచు గట్టి పదార్థముగా మారును. అందువలననే సిమెంటు నీటి అడుగున సైతము గట్టిపడగలదు. కాంక్రీటు తొందరగా ఆరిపోయినచో గట్టిపడుట నడుమనే ఆగిపోవును.

ఈ సంయోగమునకు కావలసిన నీరు ఎంత? సిమెంటు బరువులో నూటికి 23 వంతుల నీరు రసాయనికముగా కలియును. కొత్తగా ఏర్పడిన పదార్థపు సూక్ష్మరంధ్రములలో మరి 15 వంతులు చిక్కుకొనియుండును. అనగా 50 కిలోల బస్తాకు 19 లీటర్లు చాలును. కాని ఇంత తక్కువ నీటితో కలిపిన కాంక్రీటును చేతితో పరచుట కష్టము. కావున కొంత అదనముగా పోయక తప్పదు. ఎం 20 రకపు కాంక్రీటును, అనగా 28 దినములకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటనుల ఒత్తిడిని తట్టుకొనవలసిన దానిని, కొలతల ప్రకారము కలుపునప్పుడు బస్తాకు 30 లీటర్లకు మించి నీరు పోయరాదని భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 456 చెప్పుచున్నది.

ఆ పైన పోసిన ప్రతి చెంబును కాంక్రీటులో కొంత స్థలమును ఆక్రమించుకొని, తరువాత ఆవిరియై, ఆ స్థలమును ఖాళీగా విడిచి పోవును. కంటికి కనబడని ఈ సందులే కాంక్రీటును బలహీనపరచును. సిమెంటు, నీరు, వీటి నిష్పత్తిపైననే కాంక్రీటు బలము ముఖ్యముగా ఆధారపడునని 1918లో అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ అను శాస్త్రజ్ఞుడు అనేక ప్రయోగముల మీదట ప్రకటించెను. బస్తాకు 30 లీటర్లకు బదులు 40 లీటర్లు పోసినచో బలములో ఇంచుమించు మూడవ వంతు నష్టమగును. పిండి కొద్దీ రొట్టె అందురు గాని, ఇచ్చట పిండి సరిగానే ఉండి నీటి వలన రొట్టె చెడుచున్నది.

మేస్త్రీలు నీరెందుకు ఎక్కువ పోయుదురు? ఇది మోసము కాదు. పలుచని మాలు తట్ట నుండి సులభముగా జారును, తనంతట పరచుకొనును, కూలీల శ్రమ తగ్గును, పని త్వరగా తెమలును. చేతిలో రబ్బరు గొట్టమున్నప్పుడు లీటర్లు లెక్కించువారెవరు? అందుచేత పనికి ముందే గొట్టమును పక్కకు పెట్టించి, కొలత తెలిసిన బకెట్టుతో నీరు పోయుటకు ఒప్పందము చేసికొనుట ఇంటివారు చేయగల మొదటి మంచి పని.

ఇసుకలోని తడిని కూడ ఈ లెక్కలో చేర్చవలెను. ఒక బస్తా సిమెంటుకు ఒకటిన్నర వంతు ఇసుక, అనగా సుమారు 80 కిలోలు పడును. అందులో నూటికి 5 వంతుల తడి ఉన్నచో 4 లీటర్ల నీరు ముందే చేరియున్నట్లే. అప్పుడు పైన పోయవలసినది 26 లీటర్లు మాత్రమే.

తడి ఇసుకలో మరియొక చిక్కు కలదు. దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక గాజు జాడీలో కొద్దిగా తడిసిన ఇసుకను వదులుగా నింపి ఎత్తు కొలువవలెను. ఆ ఇసుకను వేరొక పాత్రలోనికి తీసి, జాడీలో సగము నీరు పోసి, ఇసుకను మరల అందులో వేసి పుల్లతో కలియబెట్టవలెను. ఇసుక అడుగునకు దిగి సర్దుకొనిన పిదప ఎత్తు కొలిచినచో మునుపటి కంటె స్పష్టముగా తగ్గియుండును. తడిపొర రేణువులను ఎడముగా నిలుపుటయే తొలుత ఇసుక ఉబ్బుటకు కారణము. సన్నని ఇసుక నాలుగవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ, ఉబ్బుట కలదు. తట్టలతో కొలుచు మేస్త్రీ, తాను సరిగా కొలిచితిననియే నమ్మి, వాన కురిసిన మరునాడు తక్కువ ఇసుక వేయుచుండును.

కాంక్రీటు జారుడును కొలుచుటకు రేకు గరాటు ఒకటి వాడుదురు. దాని ఎత్తు 30, అడుగు వ్యాసము 20, పై వ్యాసము 10 సెంటీమీటర్లు. ఇట్టి దానిని ఏ రేకుల పనివాడైనను చేసి ఇయ్యగలడు. కాంక్రీటును పొరలుగా నింపి, ఇనుప కడ్డీతో కూరి, గరాటును నిలువుగా పైకెత్తినచో కాంక్రీటు దిమ్మ కొంత కుంగును. కారుదారి వంటి పనికి ఆ కుంగుదల 5 నుండి 7.5 సెంటీమీటర్లు ఉండుట మేలు. దిమ్మ కూలి గారె పిండివలె నేలపై పరచుకొనినచో నీరెక్కువైనదని వేరుగ చెప్పనక్కరలేదు.

బేరమాడుటకు ముందు ఇంటివారు కాగితముపై చేయదగిన లెక్క ఒకటి కలదు. దారి పొడవు 6 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందము 10 సెంటీమీటర్లు అనుకొనుడు. ఘనపరిమాణము 1.8 ఘనమీటర్లు. విడివిడిగా ఉన్న సిమెంటు, ఇసుక, కంకరల నడుమ ఖాళీలుండును గనుక దీనిని 1.54 చేత గుణింపగా 2.77 వచ్చును. ఎం 20 రకమునకు పాళ్లు ఒకటి, ఒకటిన్నర, మూడు; మొత్తము ఐదున్నర. సిమెంటు పాలు 0.504 ఘనమీటరు, అనగా 504 లీటర్లు. బస్తా సిమెంటు సుమారు 35 లీటర్లు గనుక 14 లేక 15 బస్తాలు పట్టును. వీటికి నీరు 430 లీటర్లకు మించరాదు. అనగా 200 లీటర్ల డ్రమ్ములు రెండు, ఆ పైన ఒకటి రెండు బకెట్లు. సాయంకాలము ఖాళీ సంచులను, ఖాళీ డ్రమ్ములను ఎంచిన ఎనిమిదవ తరగతి బాలుడైనను పని ఎట్లు జరిగినదో చెప్పగలడు.

మందము విషయములో కన్ను మోసపోవును. అంచున నాలుగంగుళములు కనబడుచుండగా నడుమ మూడే ఉండవచ్చును. వంగుటను ఎదిరించు శక్తి మందపు వర్గమును అనుసరించి యుండును గనుక, మందము నాలుగింట మూడు వంతులైనచో శక్తి పదునారింట తొమ్మిది వంతులు, అనగా సగమునకు కొంచెము పైన. క్రింది నేలను తడిపి, దిమ్మిస కొట్టి, సమము చేయించుట ఇందులకే.

ఎంత జాగ్రత్తగా పోసినను కాంక్రీటు ఆరుకొలది కొంత ముడుచుకొనును. ఎండకు వ్యాకోచించి చలికి సంకోచించును. 30 డిగ్రీల తేడాకు 10 మీటర్ల పలక సుమారు 3 మిల్లీమీటర్లు మారును. బీట రాకుండ ఆపుట అసాధ్యము. అది ఎచ్చట రావలెనో నిర్ణయించుట సాధ్యము. రెండున్నర, మూడు మీటర్లకొక గాడి, మందములో నాలుగవ వంతు లోతున, మరునాటికే కోయించినచో బీట ఆ గాడి అడుగుననే దాగియుండును. పాత ఇండ్ల మొజాయిక్ గచ్చులలో గళ్లు గళ్లుగా పెట్టిన అద్దపు పట్టీలు అందమునకు మాత్రమే పెట్టినవి కావు.

పై తేట నీరు తేలినప్పుడు దానిపై పొడి సిమెంటు చల్లి తాపీతో నునుపు చేయు అలవాటును మాన్పింపవలెను. ఆ పలుచని పై పొరయే తరువాత పెచ్చులుగా లేచును. భోజనమునకు పోయి వచ్చు లోపల బిగుసుకొనిన మాలును నీరు చిలికి తిరిగి కలుపుట అంతకంటె చెడ్డది.

ఇక పోసిన తరువాతి నీరు. ఇచ్చట పిసినారితనము పనికిరాదు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసము 7 దినములు, ఫ్లైయాష్ కలిసిన సిమెంటుకు కనీసము 10 దినములు తడి ఆరరాదని ప్రమాణము. థర్మల్ విద్యుత్కేంద్రముల బూడిదయగు ఫ్లైయాష్, సిమెంటు నుండి వెలువడు సున్నముతో నెమ్మదిగా కలియును గనుక దానికి ఎక్కువ వ్యవధి కావలెను. నేడు అంగళ్లలో దొరకు బస్తాలలో ఈ రకము విరివిగా ఉన్నది; బస్తాపై రకము ముద్రించియుండును, చదివి తీరవలెను. గచ్చుపై మట్టి గట్లతో మళ్లు కట్టి నీరు నిలుపుట అన్నింటిలోను శ్రేష్ఠము. గోడలకు తడి గోనెలు వ్రేలాడదీయవలెను. ఉదయమొక మారు, సాయంకాలమొక మారు గొట్టముతో చిలుకరించుట రోహిణికార్తె ఎండలలో ఏ మూలకును చాలదు. ఈ పని మేస్త్రీదా, ఇంటివారిదా అను సంగతి ముందుగానే తేల్చుకొననిచో, ఎవరికి వారు రెండవవారు చేయుదురని ఊరకుందురు.

ప్రహరీగోడకు, మట్టిని ఆపు గోడకు భేదము కలదు. గోడ వెనుక మట్టి పోసి పూలతోట పెంచదలచినచో మేస్త్రీకి ఆ సంగతి ముందే చెప్పవలెను. వానకు ఆ మట్టిలో నీరు నిలిచినచో, ఒక మీటరు ఎత్తు నీరు గోడ ప్రతి మీటరు పొడవును అర టన్ను బరువుతో నెట్టును. ఎత్తు రెండు మీటర్లయినచో రెండు టన్నులు. అందువలన గోడ అడుగున నీరు బయటికి పోవు రంధ్రములును, వాటి వెనుక కంకరయు ఉండవలెను. ఇటుకలను నిలువున పేర్చి పూత పూసిన గోడ ఈ బరువునకు నిలువదు. ఇట్టి గోడకు మాత్రము ఇంజనీరుకిచ్చు రుసుము దండుగ కాదు.

మందము, పాళ్లు, బస్తాకు నీరు, గాళ్ల దూరము, తడుపు దినములు: ఈ ఐదింటిని ఒక కాగితముపై వ్రాసికొని ఇరువురును సంతకములు చేయుట మంచిది. డబ్బు వాయిదాలలో ఇచ్చునప్పుడు కడపటి వాయిదాను పోసిననాడు గాక, మళ్లు విప్పిన పిదప ఇచ్చునట్లు మాట్లాడుకొనవలెను. అప్పటికి కాంక్రీటు తన బలములో అధిక భాగమును సంపాదించియుండును. కారును మాత్రము 28 దినముల వరకు వీధిలోనే నిలుపుకొనుట క్షేమము.